మడతకి వదిలిన మార్కులు

జనవరి 6

వదిన వచ్చి వెళ్ళింది. ఆవిడ వస్తే ఇంట్లో కుర్చీలు కూడా ఒద్దికగా సర్దుకుంటాయి. ఆయనకి స్వయానా అక్క, పైగా బడి ఆఫీసులో ఏళ్ళ తరబడి పిల్లల దరఖాస్తులు చూస్తున్న మనిషి. కాలేజీల విషయంలో మా ఇంట్లో ఆవిడ మాటకి తిరుగు లేదు.

ప్రవేశ పరీక్ష ఏప్రిల్‌లోనట. దరఖాస్తు మాత్రం ఫిబ్రవరి మధ్యకల్లా పంపెయ్యాలట. అందులో ఆరు కాలేజీలే రాయనిస్తారు, తర్వాత మార్చడానికి వీల్లేదు. మార్కులు రాకముందే కాలేజీలు ఎంచుకోవడమేమిటో! కిటికీ చూపించకుండా కర్టెన్ కత్తిరించమన్నట్టుంది. ఆ మాటే అన్నాను. నమూనా పరీక్షలు రాస్తోందిగా, వాటిని బట్టి అంచనా వేసుకోమంది వదిన. రెండు పైవి, రెండు సరిజోడువి, రెండు కిందవి రాయాలట. పైవి వస్తే అదృష్టం, సరిజోడువి వచ్చే అవకాశం ఎక్కువ, కిందవి ఎలాగూ వస్తాయి. వినడానికి బాగానే ఉంది.

పిల్లకి కావలసింది ఆర్కిటెక్చర్. అది నేను అంటించిన జబ్బే. చిన్నప్పుడు ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక కర్టెన్ల కొలతలకి నా వెంట తిప్పుకునేదాన్ని. టేపు రెండో కొస పట్టుకుని నిలబడి, ఈ కిటికీ ఇటెందుకు పెట్టారు, ఎండంతా మొహం మీదే కొడుతోందిగా అని ఇంటివాళ్ళనే నిలదీసేది. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు ఆలోచనలో పడి ఇంకాస్త మందం గుడ్డ ఎంచుకునేవాళ్ళు. నా వ్యాపారానికి దానివల్ల నష్టమేమీ లేదు.

దాని మనసంతా కొండమీది కాలేజీ మీదే ఉంది. ఆ పేరు వినగానే వదిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది. రెండు వందలకి నూట అరవై లేనిదే అటు తొంగి కూడా చూడొద్దంది. నూట నలభై వస్తున్నాయంది పిల్ల. వదిన మళ్ళీ కళ్ళజోడు తుడిచింది.



జనవరి 9

కొండమీది కాలేజీకి ఇవాళ రైలెక్కితే రేపటికి చేరతాం. ఊరికే చూశాను.

జనవరి 11, ఆదివారం

లిస్టు తయారైంది. నేనూ ఆయనా కటింగ్ బల్ల మీద కాలేజీల పేర్లు రాసిన చీటీలు పరుచుకుని కూర్చున్నాం.

ఆయనది డ్రైవింగు స్కూలు. కొత్తవాళ్ళని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని జీవితమంతా బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికిన మనిషి. ముందు బండికీ మనకీ మధ్య దూరం వదలాలి అన్నది ఆయన ఒకే ఒక్క సిద్ధాంతం. అన్నం వడ్డించినా పళ్ళెం అంచు నుంచి దూరం వదులుతారు. నూట నలభై అంటే పరీక్ష రోజు కంగారుకి కాస్త తీసెయ్యాలి, నూట ముప్పై రెండు అనుకుందాం అన్నారు. సరేనన్నాను. మనసులో మాత్రం నూట పాతిక వేసుకున్నాను. గుడ్డయినా మార్కులైనా మొదటి ఉతుక్కి కుంచించుకుపోతాయి. మడతకి వదలకుండా కుట్టినవాళ్ళు తర్వాత నెత్తి కొట్టుకోవడం చాలామంది విషయంలో చూశాను.

నూట పాతికకి తగ్గట్టు పైవి రెండు, సరిజోడువి రెండు, కిందవి రెండు పెట్టాను. అన్నీ మంచివే. అన్నిటికీ మన వీధి చివర బస్సెక్కితే చాలు. అది కావాలని చూసింది కాదు, అలా కుదిరింది.

కొండమీది కాలేజీ చీటీ పారెయ్యలేదు. ఎగిరిపోకుండా పెద్ద కత్తెర కింద పెట్టాను.

జనవరి 19

పిల్ల లిస్టు చూసింది. "సరే" అంది.

ఎంత బుద్ధిమంతురాలు! ఇంకొకరి పిల్లయితే కాళ్ళు నేలకేసి కొట్టేది. ఆ సరే విన్న దగ్గర్నుంచి నాకు పని మీద మనసు నిలవడం లేదు. చాక్ గీత రెండుసార్లు వంకరపోయింది. చాక్ మంచిది కాదు. వేరే కంపెనీది తెప్పించాలి.

జనవరి 24

లిస్టు బాగా తూకంగా ఉంది. వదిన కూడా మెచ్చుకుంది.

జనవరి 30

మళ్ళీ నమూనా పరీక్ష రాసొచ్చింది. ఎంత అంటే "అంతే, నూట నలభై" అంది. ప్రతిసారీ నూట నలభయ్యే ఎలా వస్తుందో. నిలకడ గల పిల్ల.

లిస్టు తూకంగానే ఉంది.

ఫిబ్రవరి 3

ఇవాళ పరువు పోయింది. వరసగా రాయకపోతే నాకే అర్థం కాదు.

పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కుకి కుట్టిన కర్టెన్లు పొద్దున్న పంపించాం. మధ్యాహ్నానికి ఆవిడే కర్టెన్ చుట్టగా చుట్టి భుజాన వేసుకుని కొట్లోకి వచ్చింది. బల్ల మీద పడేసి, "ఇది కర్టెనా, తివాచీయా?" అని అడిగింది. కింద మూరెడు గుడ్డ నేల ఊడుస్తోందట. పన్ను పీకించుకుని మత్తులో లేచిన ఒక పెద్దాయన దాని అంచు తొక్కి ఆవిడ మీదే పడబోయాడట.

నాకు కొలత తప్పడమా! టేపు తెచ్చి ఆర్డరు చీటీతో పోల్చి చూశాను. చీటీలో ఉన్నదాని కంటే కర్టెన్ పొడుగ్గా ఉంది. చీటీలో ఉన్నది కిటికీ కంటే పొడుగ్గా ఉంది. ఒక్కొక్కరినీ అడుగుతుంటే ఒక్కొక్కటీ బయటపడింది. డాక్టరమ్మ క్లినిక్కులో కొలుచుకున్నప్పుడు గుడ్డ కుంచించుకుంటుందేమోనని జానెడు కలిపి చెప్పింది. ఫోనులో రాసుకున్నది మా ఆయన. ఆడవాళ్ళు తొందరలో తక్కువ చెబుతారని కాస్త కలిపి రాశారు. కత్తిరించింది మా కొట్లో పనిచేసే కత్తెరక్క. నేను తిడతానని భయపడి ఇంకొంచెం వదిలింది. చివర్న నేను మామూలుగా వదిలేది ఎలాగూ వదిలాను.

ఒక్కరూ తప్పు చెయ్యలేదు. అందరూ జాగ్రత్త పడ్డారు. నలుగురి జాగ్రత్తా కలిసి కర్టెన్ తివాచీ అయింది.

డాక్టరమ్మ చివరికి నవ్వింది. తన జానెడు తను ఒప్పుకుంది. రేపటికి సరిచేసి ఇస్తానన్నాను. ఆవిడ వెళ్ళాక అంచు విప్పుతూ కూర్చున్నాను. సగం విప్పేసరికి చేతిలో కత్తెర ఆగిపోయింది. బల్ల మీది పెద్ద కత్తెర తీసి దాని కింద ఉన్న కొండమీది కాలేజీ చీటీ చూశాను. మార్కులకి కూడా ఇలాగే అందరం మడతకి వదిలామేమో.

పిల్ల బడి నుంచి వచ్చేదాకా ఆగలేకపోయాను. వచ్చింది, బూట్లు కూడా విప్పనివ్వలేదు.

"నీకు అసలు ఎన్ని మార్కులొస్తున్నాయి?"

"చెప్పానుగా."

"చెప్పింది కాదు. ఏమీ తియ్యకుండా, ఏమీ కలపకుండా, ఉత్త కొలత చెప్పు."

అది నన్నూ బల్లనీ విప్పిన కర్టెన్‌నీ మార్చి మార్చి చూసింది. తర్వాత సంచిలోంచి నమూనా పరీక్షల కాగితాలు తీసి నా ముందు పెట్టింది. నూట నలభై ఎనిమిది. నూట యాభై ఒకటి. మొన్నటిది నూట యాభై మూడు.

"ఓ పది దాకా తగ్గించి చెప్పానమ్మా. అసలు పరీక్షలో తగ్గితే మీరు బాధపడకూడదని. తగ్గకపోతే సంతోషిస్తారు కదా."

ఆయన తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నారు. తన ఎనిమిదీ తను ఒప్పేసుకున్నారు. అక్కడే నిలబడి వదినకి ఫోన్ చేశారు. కొండమీది కాలేజీకి కిందటేడు నిజంగా ఎన్ని మార్కులకి సీట్లు ఆగాయో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు. నూట యాభై ఒకటట. ఏటా కాస్త పెరుగుతుంది కదా అని ఆవిడ తొమ్మిది కలిపింది.

నూట పాతిక పిల్లనీ నూట అరవై కాలేజీనీ ఎదురెదురుగా పెట్టుకుని ఇన్నాళ్ళు నిట్టూర్చాం. మధ్యలో ఉన్న అగాధమంతా మేం తవ్వుకున్నదే. పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. ఆయన కూడా. కత్తెరక్క ఎందుకో తెలియకుండానే నవ్వింది. నేనూ నవ్వుతున్నాను.

అప్పుడు పిల్ల మెల్లిగా అడిగింది. "మరి నువ్వెంత తీశావమ్మా?"

"ఏడు."

"మార్కులు కాదు. ఆరు కాలేజీలూ ఒక్క బస్సు దారిలోనే ఉన్నాయి కదా."

ఇస్త్రీ పెట్టె ఆపాలని లోపలికి వెళ్ళాను. అది ఆపే ఉంది.

ఫిబ్రవరి 4

బస్సు సంగతి నిజమే.

ఫిబ్రవరి 8, ఆదివారం

కొత్త లిస్టు.

కొట్టు మూసి, బల్ల తుడిచి, దాని మీద తెల్ల గుడ్డ పరిచాం. పైవాటికి ఎర్ర ముక్క, సరిజోడువాటికి పసుపు ముక్క, కిందవాటికి ఆకుపచ్చ ముక్క గుండుసూదితో గుచ్చడం పిల్ల ఆలోచన. వదిన మూడేళ్ళ చివరి మార్కులన్నీ రాసుకుని వచ్చింది. మొదట మొహం ముడుచుకునే కూర్చుంది. తన మాట కొట్టేశారనిపించింది కాబోలు. ఉత్త అంకెలు చదవమని పిల్ల అడిగేసరికి, ఒక్కొక్క కాలేజీ చదువుతూ చదువుతూ హుషారెక్కింది. ఏ ఏడు ఎందుకు పెరిగింది, ఎక్కడ సీట్లు పెంచారు, ఎక్కడ బొమ్మ గీయించి చూస్తారు, అన్నీ ఆవిడకి నోటికొచ్చు. అంచనా తప్పు కాదు ఆవిడది. మా అందరిలాగే ప్రేమ కలిపి చెప్పింది, అంతే.

పిల్ల లెక్క నూట యాభై. కొండమీది కాలేజీ ఎర్ర ముక్కలోకి ఎక్కింది. దానికంటే పైది ఇంకొకటి ఉందని, అది కూడా రాయాల్సిందేనని పిల్ల పట్టుబట్టింది. నేను వద్దనబోయాను. ఆయన, "రాయనీ. ఖాళీ రోడ్డు మీద కూడా బ్రేకు తొక్కడం నేర్పలేదు నేను," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

సరిజోడువి రెండూ ఇట్టే కుదిరాయి. పేచీ అంతా కిందవాటి దగ్గర వచ్చింది. పాత లిస్టులో కిందవి రెండూ తీసి గుచ్చబోతే పిల్ల చెయ్యి పట్టుకుంది. వాటిలో ఒకదానికి వెళ్ళాల్సివస్తే ఏడాది ఖాళీగా కూర్చుంటానంది. అయితే అది కిందది ఎలా అవుతుంది? కర్టెన్ బరువు మొయ్యలేక విరిగేదాన్ని రాడ్డు అని ఎవరంటారు? కింద కాలేజీ కూడా నవ్వుతూ వెళ్ళగలిగేదై ఉండాలి. ఈ మాట నేనన్నాను. వదిన నా వంక చూసి, "మంచి మాట అన్నావు అమ్మాయ్," అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం కర్టెన్లు కాని విషయంలో ఇదే.

పాత లిస్టు పైవాటిలో ఒకటి ఇప్పుడు కిందవాటిలో చేరింది, అదీ బస్సు దారిలోదే. దాన్ని పిల్లే ఎంచుకుంది. నాకోసం ఏమీ కాదని రెండుసార్లు చెప్పింది. రెండోదానికి చీటీ ఉంది గానీ ఎవరం చూడలేదు. చూడకుండా గుచ్చకూడదనుకున్నాం.

ఫిబ్రవరి 11

పిల్లా నేనూ ఆ రెండో కాలేజీ చూసి వచ్చాం. చిన్న ఊరు. గేటు తుప్పు పట్టి ఉంది. నాకు మనసు చివుక్కుమంది. పిల్ల మాత్రం బొమ్మలు గీసే హాలులోకి వెళ్ళి బయటికి రాలేదు. ఎత్తైన పాత హాలు, ఉత్తరం గోడంతా కిటికీలే. ఒక్క కిటికీకీ కర్టెన్ లేదు.

"ఇక్కడ నీడ కదలదమ్మా. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే వెలుతురు," అంది. ఎక్కడ నిలబడిందో తెలియనట్టు గిర్రున తిరిగి చూస్తోంది.

ఆకుపచ్చ ముక్క అక్కడే సంచిలోంచి తీసి పిల్ల కాలరుకి గుచ్చాను.

ఫిబ్రవరి 13

పంపేశాం. పంపే బటన్ నన్ను నొక్కమంది పిల్ల. మొదటి వరుసలో పైది, రెండో వరుసలో కొండమీది కాలేజీ. నొక్కాను. వేలు ఏమాత్రం ఆగలేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆగింది. కొంచెం.

ఏప్రిల్ 19

రాసింది. ఎలా రాశావని అడగలేదు. మార్కులు ఎన్ని వస్తాయో చెప్పబోతే ఆయన చెవులు మూసుకున్నారు.

మే 23

కొండమీది కాలేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలిచారు. తెలిసిన గది ఏదైనా గీసి తెమ్మన్నారట. పిల్ల మన కొట్టు గీసింది. బల్ల, రాడ్లు, మూలన గుడ్డ చుట్టలు, కత్తెరక్క వీపు, అన్నీ కొలత ప్రకారం. ఆయన తోడు వెళ్ళారు. నేను తొందర ఆర్డరేదీ లేకపోయినా పని ఉందని ఆగిపోయాను.

లోపల ముగ్గురున్నారట. వాళ్ళలో పెద్దావిడ బొమ్మ దగ్గరగా పెట్టుకుని చూసి, కర్టెన్ల కొట్టు కిటికీకి కర్టెన్ లేదేమిటి, మరిచిపోయావా అని అడిగిందట.

"మరిచిపోలేదండీ. అక్కడ కూర్చుని మా అమ్మ సూదిలో దారం ఎక్కిస్తుంది. ఆ వెలుతురికి అడ్డం ఏదీ రానివ్వదు," అని చెప్పిందట పిల్ల.

ఆవిడ బొమ్మ పక్కవాళ్ళకి అందించిందట. ఆయన నాకు ఇదంతా చెబుతూ మధ్యలో ఆగి గ్లాసుడు నీళ్ళు తాగారు. నేను ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఇన్నేళ్ళు కూర్చున్న చోటే. వెలుతురు నిజంగానే బాగుంది.

జూన్ 18

వచ్చింది! వచ్చింది! కొండమీది కాలేజీ వచ్చింది!

నేను పళ్ళ డాక్టరమ్మ ఇంట్లో నిచ్చెన మీద ఉన్నాను. ఆ తివాచీ గొడవ తర్వాత ఆవిడ తన ఇంటి కర్టెన్లన్నీ నాకే ఇచ్చింది. ఈసారి కిటికీలు నేనే కొలిచాను. రాడ్డు రెండో కొస బిగిస్తుండగా వీధిలో హారన్ మోగింది. ఒకటి కాదు, ఆగకుండా. ఎవడో పొగరుబోతు అనుకున్నాను. మా ఆయన శిష్యులు ఎవరైనా అనవసరంగా హారన్ కొడితే ఆ రోజు పాఠం అక్కడితో ఆపేసి దింపేస్తారు. అలాంటిది, తొంగి చూస్తే ఆయన బండే. స్టీరింగు దగ్గర ఎవరో శిష్యురాలు బిక్కమొహం వేసుకుని రెండు చేతులూ పైకెత్తి కూర్చుంది. పక్క సీట్లోంచి ఒంగి హారన్ నొక్కుతున్నది ఆయన. వెనక సీటు కిటికీలోంచి నడుం దాకా బయటికి వచ్చి చేతులూపుతున్నది పిల్ల.

నిచ్చెన ఎలా దిగానో తెలియదు. డాక్టరమ్మ వద్దు వద్దంటూనే నా వెనక పరుగెత్తింది. పిల్లకి నూట యాభై నాలుగు. కాలేజీ ఈ ఏడు నూట యాభై రెండుకి ఆగింది. ఆ పై కాలేజీ రాలేదు. రాకపోతే పోయింది. సరిజోడువి రెండూ రమ్మన్నాయి, కిందవి రెండూ రమ్మన్నాయి. లిస్టు అంటే అలా ఉండాలి. అయిదు ఇళ్ళ వాళ్ళు మీ పిల్లని మాకివ్వండి అని అడుగుతున్నట్టుంది నాకు.

పాత లిస్టే పంపి ఉంటే కొండమీది కాలేజీ వాళ్ళకి నా పిల్ల ఉందనే తెలిసేది కాదు.  వీధిలో నిలబడి దాన్ని పట్టుకుని గట్టిగా ఏడ్చాను. శిష్యురాలు కూడా ఏడ్చింది. ఆవిడకి ఈ రోజు పాఠం ఉచితమట.

సాయంత్రం వదిన వచ్చింది. తను మొదట్నించీ చెబుతూనే ఉందట, ఈ పిల్లకి కొండమీది కాలేజీయే అని. ఎక్కడ చెప్పింది! అయినా చెప్పనిచ్చాను. ఆవిడ పక్కన కూర్చుని, అవును వదినా, మీరు చెప్పారు అన్నాను.

ఆగస్టు 2

హాస్టల్లో దింపి వచ్చాం. ఆయన దారంతా బండి నడిపారు, ఎప్పుడూ లేనంత వేగంగా. గది రెండో అంతస్తులో ఉంది. కిటికీ తెరిస్తే లోయంతా కనిపిస్తుంది. పడమటి కిటికీ. ఇది ఇటెందుకు పెట్టారో అని నేనే గొణిగాను. పిల్ల నా సంచిలోంచి టేపు తీసి ఒక కొస నా చేతికిచ్చింది. రెండో కొస తను పట్టుకుని కుర్చీ ఎక్కింది. అంకె పైకి చదివింది.

"అసలు కొలతేనా?" అన్నాను.

"అసలు కొలతే."

రాసుకున్నాను.

ఆగస్టు 9

కర్టెన్ కుట్టి పంపాను. మడతకి ఎంత కావాలో అంతే వదిలాను, వేలెడు కూడా ఎక్కువ కాదు. బిగించి ఫొటో పంపింది. అంచు సరిగ్గా కిటికీ గట్టు మీదకి వచ్చి ఆగింది. కొట్లో అందరికీ చూపించాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

వదిన వచ్చింది. పిల్ల లేకుండా ఎలా ఉంది అమ్మాయ్ అని అడిగింది. బాగానే ఉంది వదినా అన్నాను.

అది మడతకి వదిలి చెప్పిన మాట. అసలు కొలత ఇక్కడ రాస్తున్నాను. సాయంత్రం టేపు పట్టుకుని రెండో కొస ఎవరికో అందించబోయి చెయ్యి గాల్లో ఆగిపోయింది.  ఆ తర్వాత నవ్వొచ్చింది. నా పిల్ల రెండో కొస పట్టుకుని కొండ దాకా వెళ్ళింది. ఇంత గర్వం నాకు పుట్టి బుద్ధెరిగి లేదు. ఇందులో ఏమీ కలపలేదు.